వేళ్లలో మిగిలిన మార్చి

దుగ్గిరాల పసుపు యార్డు ఎదురుగా ఉన్న గుప్తగారి కమీషన్ కొట్టు లెక్కలు ఆ ఏడు వినాయకుడితో పాటు కాలవలో కలిసిపోయాయి. ఇందులో దేవుడి తప్పేమీ లేదు. పూర్వం చిట్టా పుస్తకాలున్న రోజుల్లో చవితినాడు వాటిని పీట పక్కన పెట్టి కుంకుమ అద్దేవారు. కంప్యూటరొచ్చాక అంత పెట్టెను పూజలోకి మోసుకురావడం కుదరక గుప్తగారు ఒక ఉపాయం కనిపెట్టారు. లెక్కలన్నీ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌కి పసుపు దారం చుట్టి పత్రిలో పెట్టేవారు. ఉద్వాసన చెప్పగానే గుమస్తా హైమావతి దాన్ని పత్రిలోంచి ఏరి, తుడిచి, బీరువాలో దాచేది. ఆ ఏడు హైమావతికి జ్వరం. మిగతావాళ్లు మహా భక్తిగా పత్రినంతా మూటగట్టి, విగ్రహంతో సహా కాలవలో వదిలేసి, కాళ్లు కడుక్కుని ఇళ్లకు పోయారు.

వారం తిరక్కుండా కొట్టు పక్క కరెంటు స్తంభం మీద పిడుగు పడింది. కంప్యూటరు ఒక్కసారి చిటపటలాడి ఊరుకుంది. గుప్తగారు దాని డిస్కును ఊడదీయించి, పాత బట్టలో చుట్టి, హైదరాబాదులో ఇలాంటివి బాగుచేసే వాళ్లకు పంపారు. పది రోజులకు అదే బట్టలో తిరిగొచ్చింది. లోపలి పళ్లెం గీరుకుపోయిందనీ, తీయడానికి అందులో ఏమీ మిగల్లేదనీ వాళ్లు ఫోన్లో చెప్పారు.

కోల్డ్ స్టోరేజీలో రైతుల పసుపు బస్తాలన్నీ గుప్తగారి పేరు మీదే ఉంటాయి. రైతు చేతికిచ్చే చీటీ మీద ఒక నంబరు మాత్రం ఉంటుంది. ఆ నంబరు ఎవరిది, ఎన్ని బస్తాలు, రకం కొమ్ములా కాయా, ఏ గదిలో ఏ అర, ఇదంతా కంప్యూటర్లోని లెక్కల సాఫ్ట్‌వేరుకే తెలుసు. ఈ ఏటివీ నిరుటివీ కోల్డ్ స్టోరేజీ వాళ్ల దగ్గరున్న వివరాలతో సరిచూసుకోవచ్చు. మూడేళ్ల కిందటి మార్చిలో దించినవి మాత్రం ఆ కోల్డ్ స్టోరేజీ చేతులు మారకముందువి, వాటి వివరాలు కొత్తవాళ్ల దగ్గర లేవు. అప్పుడు ధర పాతాళానికి పడిపోతే, పెరిగాక అమ్ముకుందామని రైతులు దాచుకున్న పసుపు అది. తీరా ఇప్పుడు ధర లేచింది. అందరూ చీటీలు పట్టుకుని వచ్చి కొట్టు అరుగు మీద కూర్చున్నారు.

"మా బస్తాలు మాకియ్యండి సామీ, మీ పిడుగుతో మాకేం పని?" అన్నాడొక పెద్దాయన. అందులో న్యాయముంది కాబట్టి గుప్తగారు కోపం తెచ్చుకోలేకపోయారు.

అప్పుడు హైమావతి నెమ్మదిగా అంది. "గుంటూరులో మా తమ్ముడి దగ్గర ఒక మిషనుందండీ. అడిగి చూస్తాను."

ఆ ఫోన్ వచ్చినప్పుడు పద్మాకరం ప్రయోగశాలలో ఉన్నాడు. ప్రయోగశాల అంటే పెద్ద భవనమేమీ కాదు, ఒక టైల్స్ దుకాణం మీద మూడు గదులు. కింద ఎవరైనా టైలు కోయిస్తే పైన టేబుల్ మీద గ్లాసులు వణుకుతాయి. తెర మీద అక్క పేరు చూసి పద్మాకరం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అమ్మ పోయిన ఈ మూడేళ్లలో అక్క తనంతట తాను ఫోన్ చెయ్యడం ఇదే మొదలు. తను చేస్తే మాట్లాడుతుంది. తిన్నావా అంటుంది, ఆరోగ్యం బాగుందా అంటుంది, ఉంటాను అంటుంది. 'ఒరేయ్' అని పిలవడం మాత్రం ఆ రోజు నుంచే మానేసింది. ఒక్కనాడూ తిట్టలేదు, నిష్ఠూరమాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని పద్మాకరం ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

హైమావతి అతనికన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నాన్న పోయాక తమ్ముణ్ణి చదివించింది, అమ్మను తన దగ్గరే ఉంచుకుంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లకు "మార్చి అయ్యాక చూద్దాం" అనేది. ఆమెకు మార్చి ఎప్పుడూ అవలేదు.

మూడేళ్ల కిందట అమ్మ కొడుకుని చూడ్డానికని గుంటూరు వచ్చింది. వచ్చిన నాలుగోనాడు ఆయాసంతో కూలబడింది. గుండె కవాటం పాడైంది, ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు, చెయ్యకపోతే నెలో రెండు నెలలో అన్నారు డాక్టర్లు. నాన్న ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. అందుకని అక్క ఒప్పుకోదని పద్మాకరానికి గట్టి నమ్మకం. "గ్యాసక్కా, రెండ్రోజులు ఉంచి పంపిస్తారు. నువ్వు మార్చి ముగించుకో" అని చెప్పి, కాగితాల మీద తనే సంతకం పెట్టాడు. అమ్మ బల్ల మీదినుంచి లేవలేదు.

మర్నాడే హైమావతి, గుప్తగారు గుంటూరు వచ్చారు. గుప్తగారు గదంతా కలయజూసి, తీగలు వేలాడుతున్న ఒక పరికరం దగ్గర ఆగారు.

"దీన్నేమంటారండీ?"

"దానికో పెద్ద పేరుంది. మేం టోపీ అంటాం," అన్నాడు పద్మాకరం.

"మా హైమమ్మకి టోపీ పెడతారన్నమాట," అని గుప్తగారు నవ్వారు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి సర్దుకుని కూర్చున్నారు.

పద్మాకరంతో కలిసి ఈ ప్రయోగాలు చేసే నస్రీన్ ఒక కీబోర్డు తెచ్చి హైమావతి ముందు పెట్టి, ఏదన్నా కొట్టమంది. హైమావతి నాలుగు పేర్లు కొట్టింది. నస్రీన్ కీబోర్డు తీసేసి, టోపీ తగిలించి, మీట నొక్కింది. హైమావతి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వేలి కొసలు మాత్రం సన్నగా అదిరాయి. ఎదురుగా ఉన్న కంప్యూటర్లో ఆ నాలుగు పేర్లూ వాటంతటవే పడ్డాయి. మూడో పేరులో ఒక అక్షరం తప్పు పడి, చెరిగి, మళ్లీ సరిగా పడింది. ఆమె కొట్టినప్పుడు చేసిన తప్పే అది.

"చూశారుగా, మనిషి మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు," అంది నస్రీన్. "కొట్టిన ప్రతి అక్షరమూ లోపల ఎక్కడో కదలికగా పడుకుని ఉంటది. ఈ టోపీ వాటిని వరసగా లేపుతుంది. మీ పాత సాఫ్ట్‌వేరే కొత్త కంప్యూటర్లో పెడితే, ఆ మార్చి నెలంతా మీ వేళ్లు కొట్టినవన్నీ మళ్లీ అందులో ఎక్కుతాయి. ఇప్పుడు చెప్పండి, ఆ నాలుగు పేర్లేంటి?"

"ఏం పేర్లు?" అంది హైమావతి.

గుప్తగారి ముఖంలో నవ్వు పోయింది.

"అదీ సంగతి. లేపిన కదలిక మళ్లీ పడుకోదు," అంది నస్రీన్. "ఒక్క అక్షరాలే పోతే ఫరవాలేదు. ఆ టైములో మనసులో ఏముంటే అది కూడా అంటుకుని వస్తది. మున్సిపల్ ఆఫీసు ఆపరేటర్ ఒకాయన దగ్గర ఒక నెల జనన నమోదులు తీశాం. ఆయన ఇంటికెళ్లి, గోడ మీద తన కూతురి అన్నప్రాశన ఫొటో చూసి, ఇదెప్పుడు చేశామని భార్యనడిగాడు. అప్పటినించి ఒక రూల్ పెట్టుకున్నాం. ఆ రోజుల్లో మీతో పాటు ఉన్న మనిషి ఒకరు సాక్షిగా ఉండాలి. ముందు ఇద్దరూ కూర్చుని అప్పుడేం జరిగిందో మాట్లాడుకోవాలి. అంతా అయ్యాక పోయినదాన్ని ఆ మనిషే ఎదురుగా కూర్చుని చెప్పాలి. కాగితం మీద రాసిస్తే ఎవరి కథో చదివినట్టుంటది. మనిషి చెప్తేనే నాటుతుంది."

"తరవాతి నెలల్లో ఆ రోజుల్ని తల్చుకున్నదంతా?" అని అడిగింది హైమావతి. లెక్కలమనిషి కదా, వెంటనే అక్కడికే వెళ్లింది.

"అసలుది పోతే వాటికి ఆధారం ఉండదు. అవీ వెంటనే మసకబారతయి, రెండు మూడు రోజుల్లో పూర్తిగా వాడిపోతయి. రేపు మీరు సాక్షితో మాట్లాడుకునేది కూడా అంతే." నస్రీన్ పద్మాకరం వైపు తిరిగింది. "మేడమ్ గారికి ఇంకెవరున్నారు సార్?"

"నేనే," అన్నాడు పద్మాకరం.

"మిషనూ మీరే, సాక్షీ మీరేనా? ఏమన్నా ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి."

"ఇబ్బందేం లేదు," అన్నాడు. అప్పటికే అతని బుర్రలో ఒక పురుగు దూరింది. ఆ మార్చి పోతే అక్క మనసులోంచి తన అబద్ధం కూడా పోతుంది. మళ్లీ ఒరేయ్ అంటుంది. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినంత మాత్రాన ఆలోచన పోలేదు.

ఆ రాత్రికి హైమావతి తమ్ముడి ఇంట్లోనే ఉంది. పద్మాకరం భార్య ఉద్యోగం కడపలో. ఇల్లు ఒంటిమగాడి ఇల్లులాగే ఉంది. పొద్దున్నే హైమావతి గోరుచిక్కుళ్లు ముందేసుకుని బాల్కనీలో కూర్చుంది. ఆమె ఈనెలు తీస్తుంటే పద్మాకరం టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"మాట్లాడుకోవాలంది గదా ఆ అమ్మాయి. నువ్వు ముందు చెప్పు," అంది.

మూడేళ్లుగా లోపలే దాచుకున్న మాటలు. తీరా చెప్పబోతే ఎంతోసేపు పట్టలేదు.

"ఆపరేషనని చెప్తే నువ్వు వద్దంటావని భయపడ్డానక్కా. నాన్న సంగతి చూశావుగా. అందుకని గ్యాసని చెప్పాను. ఎట్టాగో గట్టెక్కితే తరవాత చెప్పొచ్చులే అనుకున్నాను. లోపలికి తీసుకెళ్లేటప్పుడు 'పెద్దది రాలేదా' అనడిగింది. దారిలో ఉందన్నాను. అదీ అబద్ధమే."

హైమావతి చేతులు ఆగలేదు. ఒక కాయ ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. నన్ను తిట్టక్కా ఇప్పటికైనా."

"ఉండు. నా వంతు విను. ఆ ముందురోజు సాయంత్రం నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆసుపత్రి నంబరు సంపాదించి వార్డుకే చేశా. నర్సు ఎత్తింది. పొద్దున్నే ఆపరేషనమ్మా, మీ తమ్ముడు చెప్పలేదా అంది."

పద్మాకరం గ్లాసు కింద పెట్టాడు.

"దుగ్గిరాల నించి గుంటూరెంత దూరం? అప్పటికింకా బస్సులున్నయ్. గుప్తగారికి చెప్తే తన కారే ఇచ్చి పంపేవాడు. ఆయనకి చెప్పనే లేదు నేను. కూర్చున్నా." ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. "వస్తే నన్నడుగుతారు, చేయించమంటావా వద్దంటావా అని. వద్దంటే, అమ్మ పోతే, నా వల్ల. సరేనంటే, అమ్మ పోతే, అదీ నా వల్లే. నాన్నప్పుడు సరేనంది నేనేగా. ఇంకోసారి నా నోటితో అనలేకపోయా. వాడు చూసుకుంటున్నాడుగా, వాడి మీదే ఉండనీ అనుకున్నా. నాకేం తెలీనట్టు కూర్చుని బస్తాలెక్కించా. పొద్దున నువ్వు ఫోన్ చేసి, తప్పు చేశానక్కా అని ఏడ్చావు. నేను నోరు మెదపలా. ఆ తరవాత నీ మొహం చూడలేకపోయా. నాకు కోపమనుకున్నావు నువ్వు. అనుకోనిచ్చా."

పద్మాకరానికి ముందు ఒళ్లు మండింది. మూడేళ్లు తను నిద్రలో కూడా దోషిలా బతికాడు. ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది కదా. లేచి బాల్కనీ చివరికి వెళ్లి నిలబడ్డాడు. కింద ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. వెనక్కి తిరిగి చూస్తే అక్క తల వంచుకుని, తీసిన కాయకే మళ్లీ ఈనె కోసం వెతుకుతోంది. అతని కోపం ఎక్కడికక్కడ దిగిపోయింది. జాలేసింది. తనమీదా ఆమెమీదా కూడా వేసింది.

"ఆ మార్చి వద్దులే అక్కా. గుప్తగారికి కుదరదని చెప్పేద్దాం."

"అరుగు మీద కూర్చున్నవాళ్లని నువ్వు చూడలా. వాళ్ల పసుపంతా నా వేళ్లలో ఉంది. ఇవ్వనంటే ఎట్టా?" అని, గిన్నె పక్కకి జరిపింది. "పోతే నాకు హాయిగా ఉంటుందని నాకూ తెలుసు. దానికోసం ఇవ్వటంలా. అందుకే నీకు చెప్తున్నా. అయ్యాక నాకు చెప్పేటప్పుడు నా వంతు కూడా చెప్పాలి. దాచమాక. ఒక పక్క రాసి రెండో పక్క వదిలేస్తే అది లెక్క కాదు."

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

కొత్త కంప్యూటరు గుప్తగారే కొన్నారు. అందులో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు పనికిరాదని పద్మాకరం చెప్పాడు. మెనూలు మారిపోయాయి, పాత వేళ్లకు కొత్త దారులు తెలియవు. చివరికి గుప్తగారు బీరువా అడుగునుంచి పాత సీడీ తీసుకొచ్చారు. దాని మీద కూడా కుంకుమ బొట్టుంది. తుడిచి పెట్టారు, పనిచేసింది.

హైమావతి వాలుకుర్చీలో పడుకుంది. నస్రీన్ టోపీ తగిలించి, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టించింది. "మూడేళ్ల కిందటి మార్చి ఒకటో తారీఖు. కొట్టు తాళం తీశారు. ఫ్యానేశారు. కుర్చీలో కూర్చున్నారు," అంటూ నెమ్మదిగా చెప్పుకుంటూ పోయింది. హైమావతి కళ్లు మూతపడ్డాయి. కాసేపటికి వేళ్లు అదరసాగాయి.

తెర మీద మొదటి రైతు పేరు పడింది. బస్తాలు, రకం, గది, అర. సరేనా అని సాఫ్ట్‌వేరు అడిగింది. సరేనని వేలు నొక్కింది. రెండో పేరు. మూడో పేరు. నెల పని పూటలో జరిగిపోతుంది కాబట్టి వరసలు పరుగెత్తుతున్నాయి. గుప్తగారు కుర్చీ అంచున కూర్చుని ఒక్కో పేరూ పైకి చదువుతున్నారు. తెలిసిన పేరు రాగానే "అదీ, మా నందివెలుగు ఆయన!" అని తొడ చరుస్తున్నారు. ఇన్నాళ్లూ ఆయన పడిన బెంగ అలా పోతోంది.

పద్మాకరం తారీఖులు చూస్తున్నాడు. ఇరవై వచ్చింది. ఇరవై అయిదు. అమ్మ ఆసుపత్రిలో చేరిన రోజు. బస్తాలు, గది, అర. తను గ్యాసని చెప్పిన రోజు. బస్తాలు, గది, అర. ఆపరేషన్ ముందురోజు వరసలు సాయంత్రం దాకా వచ్చి, ఒకచోట పేరు పడి, బస్తాల దగ్గర ఆగిపోయాయి.

వేళ్లు కుర్చీ మీద కదలకుండా ఉన్నాయి. మిగతా చోట్ల టీకి లేచినా, భోజనానికి లేచినా తెర మీద రెప్పపాటే. ఇక్కడ అలా కాలేదు. నస్రీన్ తీగలన్నీ ఒకసారి తడిమి చూసింది.

"మిషనాగిందా సార్? లేక మేడం ఎక్కడికన్నా లేచెళ్లారా?"

"ఎక్కడికీ వెళ్లలేదు," అన్నాడు పద్మాకరం.

అతనికి వేళ్ల వైపు చూడబుద్ధి కాలేదు. మానెయ్యమని అరవాలనిపించింది. ఇప్పుడు మీట తీసేస్తే ఆ సాయంత్రం ఆమె దగ్గరే ఉండిపోతుంది, అరుగు మీది వాళ్లలో కొంతమంది బస్తాలు అటూ ఇటూ కాకుండా పోతాయి. చెయ్యి మీట దాకా వెళ్లింది. అంతలో బస్తాల సంఖ్య పడింది. రకం, గది, అర. సరే. తరవాత పేరు. ఆ సాయంత్రమంతా, ఆ మర్నాడు ఫోన్ వచ్చేదాకా, హైమావతి వేళ్లు ఒక్క తప్పు చెయ్యలేదు. నెలంతటిలో తప్పూ దిద్దుబాటూ లేని పేజీలు అవే.

టోపీ తీశాక హైమావతి కళ్లు తెరిచి, మంచినీళ్లడిగి తాగింది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏరా, ఇట్టా చిక్కిపోయావేంటి? నీ పెళ్లాం అక్కడా నువ్విక్కడా, తిండెవరు పెడతన్నారు నీకు?"

పద్మాకరం కిటికీ దగ్గరికి పోయాడు. సంతోషం పట్టలేకపోయాడు. మనిషి అంతే మరి.

కొత్త కంప్యూటరు కారులో పెట్టుకుని ముగ్గురూ దుగ్గిరాల వెళ్లారు. అంతా కుదురుకునేదాకా నాలుగు రోజులు అక్కడే ఉంటానన్నాడు పద్మాకరం. హైమావతి పాత కుర్చీలోనే కూర్చుని, చీటీ నంబరు చూసి, తెర మీద పేరు చదివి, గదీ అరా చెప్పడం మొదలుపెట్టింది. గుప్తగారి మనుషులు కోల్డ్ స్టోరేజీకి వెళ్లి చూస్తే చెప్పిన చోట చెప్పినన్ని బస్తాలున్నాయి. అరుగు ఖాళీ అవుతూ వచ్చింది. పిడుగుతో పనేమిటన్న పెద్దాయన వెళ్తూ వెళ్తూ హైమావతికి దణ్ణం పెట్టాడు. తనే ఎక్కించిన ఆ వరసల్ని ఎవరో ఎక్కించినట్టు చదివిందామె. "ఎవరో గానీ ఎంత శుభ్రంగా కొట్టారండీ," అని గుప్తగారితో అంటే ఆయన తల ఊపారు.

ఇంట్లో ఆమె వేరే మనిషైంది. కాదు, పాత మనిషే అయింది. పొద్దున్నే "ఒరేయ్, లేస్తావా నీళ్లు కుమ్మరించమంటావా" అని దుప్పటి లాగింది. పచ్చడి నూరి ముద్దలు కలిపి పెట్టింది. చిన్నప్పుడతను పరీక్ష ఫెయిలై అటక మీద దాక్కున్న సంగతి పక్కింటావిడకు చెప్పి పడీపడీ నవ్వింది. పద్మాకరానికి ముద్ద రుచిగా దిగింది. దొంగసొమ్ము తిన్నట్టు కూడా అనిపించింది. ఆమె నవ్విన ప్రతిసారీ, చెప్పాక ఈ నవ్వు ఏమవుతుందో అన్న దిగులు పట్టుకునేది.

నస్రీన్ రోజూ ఫోన్ చేస్తోంది. "చెప్పారా సార్?"

"చెప్తాను."

"ఆలస్యం చెయ్యొద్దు సార్. ఖాళీగా ఉంచితే ఆ చోట ఏవేవో ఊహించుకుంటారు."

ఆ మాట నిజమే. నాలుగోనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక హైమావతే ఎత్తింది. విస్తళ్లు తీసి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గోడకున్న అమ్మ ఫొటో కింద కూర్చుంది.

"ఏరా, అమ్మ పోయిందని తెలుసు, దినాలు చేసింది గుర్తుంది. పోయిందెట్టానో మాత్రం తెలీటంలా. ఎంత తల్చుకున్నా రావటంలేదు. నువ్వు చెప్పాలంట గదా, ఆ నస్రీన్ చెప్పింది. చెప్పు."

పద్మాకరం ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. చెప్పాడు. ఆయాసం, ఆసుపత్రి, కవాటం, డాక్టర్ల మాట, తన సంతకం. గ్యాసని చెప్పడం. మార్చి ముగించుకో అనడం. "పెద్దది రాలేదా" అని అమ్మ అడగడం, దారిలో ఉందని తను అనడం. ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ మెత్తబరచలేదు.

హైమావతి ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత ఆమె ముఖం మారిపోయింది. ఆమెకది మూడేళ్ల కిందటి వార్త కాదు. అమ్మ ఇప్పుడే, ఈ మధ్యాహ్నమే, తన కోసం అడిగి పోయింది. నోట్లో కొంగు కుక్కుకుని, అది ఆగక, గొంతెత్తి ఏడ్చింది. పక్కింటావిడ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక వెనక్కి వెళ్లింది. ఈ ఏడుపు మూడేళ్ల కిందట ఆమె ఏడవలేదు. అప్పుడు కళ్లు పొడిగా ఉన్నాయి. ఎందుకో ఇప్పుడు పద్మాకరానికి తెలుసు.

"నన్నడిగిందా? నా కోసం అడిగిందా?" అంటూ ముందుకొచ్చి తమ్ముణ్ణి భుజమ్మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. "ఎంత పని చేశావురా! నేను వద్దంటానని నీకెవడు చెప్పాడు? అమ్మని నాకు చూపించకుండా చేశావు గదరా పాపిష్టోడా! నీకు చదువెందుకు చెప్పించాన్రా నేను?"

అతను తల వంచి దెబ్బలు తిన్నాడు. మూడేళ్లుగా కావాలనుకున్న తిట్లు ఇవే. ఒక్కొక్కటీ పడుతుంటే నొప్పిగానే ఉంది, ఎక్కడో తేలికగానూ ఉంది. ఇక చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. ఆ ముందురోజు సాయంత్రం, వార్డుకు ఫోన్, నర్సు. ఒట్టు వేశాడు. దాచమాక అని అక్కే అడిగింది. నోరు తెరిచాడు.

"అక్కా, ఇంకొకటుంది..."

"ఇంకేం చెప్తావురా? గుంటూరెంత దూరం? పక్కనే గదరా!" హైమావతి అతని చొక్కా రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి. ఆ కళ్లల్లో దుఃఖముంది, కోపముంది. అబద్ధం మాత్రం ఇసుమంత కూడా లేదు. "ఒక్కమాట నా చెవిన పడుంటే, ఆ మార్చినీ ఆ బస్తాల్నీ ఎక్కడివక్కడ పారేసి, అర్ధరాత్రైనా పరిగెత్తుకుంటా వచ్చేదాన్ని గదరా!"

పద్మాకరం ఆమె చేతుల మీద తన చేతులు వేశాడు.

"వచ్చేదానివే అక్కా," అన్నాడు.